ఎవరూ చదివి చెప్పని వాక్యం

"పేగు మెడకు వేసుకుని పుట్టాడా తల్లీ? మేనమామకు ఏమైనా గండమా?"

నవజాత శిశువుల వార్డు గుమ్మం దగ్గర ఆ పెద్దావిడ నన్ను అడిగిన మొదటి మాట అది. రాత్రి ఒంటిగంట దాటింది. ఆవిడ మనవడు సాయంత్రం ఆరింటికి 120 కిలోమీటర్ల అవతల పుట్టాడు. పుట్టినచోట వాళ్లకు చెప్పింది ఒక్కటే: "పేగులు బయటికి వచ్చాయి, పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి." మన ఇళ్లలో పేగు అంటే బొడ్డుతాడు కూడా. అందుకని ఆవిడ తనకు తెలిసిన అర్థమే చేసుకుంది. పేగు మెడకు చుట్టుకుని పుట్టిన పిల్లవాడి ముఖాన్ని మేనమామ ముందుగా నూనెలో చూడాలి, ఆ శాంతి ఏదో జరిపిస్తే గండం గడిచిపోతుంది. పక్కనే ఆ మేనమామ, ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు, బిక్కముఖంతో నిలబడి ఉన్నాడు.

"కాదు పెద్దమ్మా, ఆ పేగు కాదు" అన్నాను. గుమ్మంలో నిలబెట్టి అంతకు మించి చెప్పగలిగిన మాట కాదు అది.

బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ కింద పడుకోబెట్టి తువ్వాలు విప్పాను. లోపల మరో గుడ్డ. దాని లోపల సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ, దారిలోనే సగం ఆరిపోయి పేగులకు అతుక్కుని ఉంది. బొడ్డుకు కుడిపక్కన రెండు వేళ్లు పట్టేంత రంధ్రం. చిన్నపేగు మొత్తం, పెద్దపేగు కొంత ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చి ఉన్నాయి. లేత గులాబీ రంగులో ఉండవలసినవి నేరేడు పండు రంగుకు తిరుగుతున్నాయి. బిడ్డ బరువు 1.9 కిలోలు. ఒంటి వేడి 34 డిగ్రీల సెల్సియస్. ఏడుపు లేదు. కడుపులోకి గొట్టం వేయగానే సిరంజి నిండా ఆకుపచ్చని పసరు వచ్చింది.

ఆ బిడ్డ ఆరో రోజు పోయాడు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది.

ఇరవై రెండేళ్లుగా పసిబిడ్డల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. చనిపోయిన ప్రతి బిడ్డ గురించీ రాయాలనుకుంటే ఈ చెయ్యి ఆగదు. ఈ బిడ్డ గురించి రాయడానికి కారణం వాళ్లు తెచ్చిన ప్లాస్టిక్ కవరు. బ్లడ్ గ్రూపు కోసం ఆ రాత్రే దాన్ని తెరిచాను. తల్లీబిడ్డల రక్షణ కార్డు, రక్తపరీక్షల చీటీలు, ఏదో గుడి కుంకుమ పొట్లం, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన టిఫా స్కాన్ (పిండంలో లోపాలున్నాయేమో చూసే స్కాన్) రిపోర్టు. ఐదో నెలలో తీయించినది. చివరి పేరాలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇది: పిండం పొట్ట ముందు గోడలో, బొడ్డుతాడుకు కుడివైపున రంధ్రం ఉంది, పేగులు పైన పొర ఏదీ లేకుండా ఉమ్మనీటిలో తేలుతున్నాయి.

అంటే ఇరవై వారాలకే తెలుసు. ఆ తర్వాత ఆ కవరు ఎన్నో చేతులు మారింది. ప్రతి నెలా పరీక్షకు వెళ్లినప్పుడు ఎవరో ఒకరు దాన్ని తెరిచారు. రిపోర్టు పైమూల ఎవరో పెన్నుతో టిక్కు కూడా పెట్టారు. తల్లి మూడో రోజు వచ్చింది, సిజేరియన్ కుట్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని, ఆటోలో. పంతొమ్మిదేళ్ల పిల్ల. "స్కాన్‌లో ఏమని చెప్పారమ్మా?" అని అడిగాను. "బిడ్డ బాగా కదులుతోందన్నారు మేడమ్" అంది.

ఈ లోపంతో పుట్టిన బిడ్డలు బతకడం, బతకకపోవడం చాలావరకు పుట్టకముందే నిర్ణయమవుతుందని నేను నమ్ముతున్నాను. ఎక్కడ పుడతారు, ఎవరి చేతుల్లోకి పుడతారు అన్నదే ఆ నిర్ణయం. దాన్ని మనం తలరాత అంటున్నాం. నేను చూసిన ఆ రాత మాత్రం నాలుగు మడతల కాగితం మీద, అచ్చులో, తేదీతో సహా ఉంది.

ఈ లోపం ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "పేగులు బయటికి వచ్చాయి" అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు విషయాలను కలిపేయడం వల్లనే సగం నష్టం జరుగుతోంది. పిండానికి ఆరు వారాలు వచ్చేసరికి పేగులు పొట్టకంటే వేగంగా పెరుగుతాయి. లోపల చోటు చాలక బొడ్డుతాడు మొదట్లోకి జరుగుతాయి. అక్కడే పెరుగుతూ మెలి తిరిగి, పది నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ పొట్టలోకి వచ్చేస్తాయి. ఇది చదువుతున్న ప్రతి ఒక్కరి పేగులూ ఒకప్పుడు అలా బయటికి వెళ్లి వచ్చినవే. నర్సింగ్ చదివే రోజుల్లో ఈ పాఠం విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ పోలేదు.

కొందరిలో అవి తిరిగి రావు. బొడ్డు దగ్గర పొట్ట గోడ మూసుకోదు. పేగులు, ఒక్కోసారి కాలేయం కూడా, బొడ్డుతాడు మొదట్లో ఒక పల్చని సంచిలో ఉండిపోతాయి. దీన్ని ఆంఫలోసీల్ అంటారు, ఎగ్జాంఫలాస్ అని కూడా అంటారు. రెండోది మా వార్డుకు ఆ రాత్రి వచ్చిన రకం, గ్యాస్ట్రోస్కైసిస్. ఇందులో బొడ్డుతాడు దాని చోట అది మామూలుగానే ఉంటుంది. దాని పక్కన, దాదాపు ఎప్పుడూ కుడివైపునే, గోడలో చీలిక ఏర్పడుతుంది. పేగుల మీద ఏ కప్పూ ఉండదు. నెలల తరబడి ఉమ్మనీటిలో నాని అవి దళసరిగా, ఒకదానికొకటి అంటుకుపోయి తోలులా తయారవుతాయి. ఎందుకు చీలుతుందన్న దాని మీద వైద్యులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

చూడడానికి గ్యాస్ట్రోస్కైసిస్ భయంకరంగా ఉంటుంది. అయినా ఆ బిడ్డలో సాధారణంగా మిగతా అంతా సవ్యంగానే ఉంటుంది. సుమారు పదిమందిలో ఒకరికి పేగు ఎక్కడో ఒకచోట మూసుకుపోయి ఉండవచ్చు గాని, గుండె జబ్బులు, క్రోమోజోముల లోపాలు అరుదు. ఆంఫలోసీల్ చూపుకు నెమ్మదిగా, సంచిలో సర్దిపెట్టినట్టు ఉంటుంది. లోపల మాత్రం గుండెలో లోపం, 13 లేదా 18వ క్రోమోజోము అదనంగా ఉండడం, నాలుక పెద్దదిగా ఉండి పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోయే బెక్‌విత్-వీడెమాన్ సిండ్రోమ్ వంటివి దాగి ఉండవచ్చు. గ్యాస్ట్రోస్కైసిస్‌లో బిడ్డ భవిష్యత్తు పేగు స్థితి మీద ఆధారపడుతుంది. ఆంఫలోసీల్‌లో పొట్ట కంటే, దానితోపాటు ఇంకేమి ఉన్నాయన్నదే ముఖ్యం.

ఈ తేడా తెలియకుండా తల్లిదండ్రులకు ఏ సలహా ఇచ్చినా అది సలహా కాదు. ఐదో నెలలో విషయం బయటపడిన కొద్దిమందికి కూడా మొదట వినిపించే మాట "తీసేయించుకోండి, ఇంకోసారి చూద్దాం" అన్నదే. అలా విని, నమ్మలేక, ఎవరో చెబితే వెతుక్కుంటూ మా సర్జన్ దగ్గరికి వచ్చిన దంపతులను నేను చూశాను. గర్భం తీయించుకునే హక్కుకు నేను వ్యతిరేకం కాదు. 2021లో చట్టాన్ని సవరించి, పిండంలో తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేల్చినప్పుడు 24 వారాలు దాటినా అనుమతించారు. అది అవసరమైన సవరణ. ఆ నిర్ణయం తల్లిది, ఆమె ఏది నిర్ణయించుకున్నా నేను ఆమె పక్కనే ఉంటాను. కానీ నిర్ణయించుకోవాలంటే ముందు ఆమెకు నిజం తెలియాలి. సంచి ఉందా లేదా, గుండె స్కాన్ చేశారా, ఉమ్మనీటి పరీక్ష అవసరమా, ఈ లోపంతో పుట్టిన బిడ్డలు మంచి చికిత్స అందితే ఏమవుతున్నారు, ఇవి చెప్పకుండా ఐదు నిమిషాల్లో తేల్చేయడం ఆమె హక్కును ఆమె చేతిలోంచి లాక్కోవడమే.

మంచి చికిత్స అందితే ఏమవుతున్నారన్నదానికి లెక్క ఉంది. 74 దేశాల్లోని 264 ఆసుపత్రులు కలిసి, పుట్టుకతో వచ్చే ఏడు రకాల పొట్ట, పేగు, అన్నవాహిక లోపాల మీద చేసిన అధ్యయనం 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో గ్యాస్ట్రోస్కైసిస్ వరుసను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సంపన్న దేశాల్లో 139 మంది బిడ్డల్లో చనిపోయినవారు ఇద్దరు. మనలాంటి మధ్యస్థ ఆదాయ దేశాల్లో 304 మందిలో 97 మంది. పేద దేశాల్లో పదిమందిలో తొమ్మిది మంది. రంధ్రం అదే, పేగులు అవే. బిడ్డల్లో ఇంత తేడా ఉండదు. తేడా అంతా మన ఏర్పాట్లలోనే ఉంది.

పుట్టిన మొదటి గంట గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మా బిడ్డకు తడి గుడ్డ చుట్టి పంపినవారు చెడ్డవారు కారు. పేగులు ఆరిపోకూడదని తడిపారు. కానీ తడి గుడ్డ గాలికి చల్లబడుతుంది, నీళ్ల కుండ చుట్టూ తడి బట్ట చుడితే నీళ్లు చల్లబడినట్టు. పేగుల ఉపరితలం చాలా పెద్దది. దాని మీద నుంచి వేడి, నీరు రెండూ ఆవిరై పోతాయి. రెండు కిలోలు కూడా లేని బిడ్డ ఆ నష్టాన్ని కొన్ని గంటలు కూడా తట్టుకోలేదు. కావలసింది శుభ్రమైన ప్లాస్టిక్. స్టెరైల్ సంచి దొరికితే బిడ్డను కాళ్ల నుంచి చంకల దాకా అందులో దించి, పైన వదులుగా కట్టాలి. దొరకకపోతే వంటింట్లో వాడే పల్చని క్లింగ్ ఫిల్మ్ కూడా పనికొస్తుంది. లోపలి పేగులు కళ్లకు కనిపిస్తూ ఉంటాయి కనుక రంగు మారితే వెంటనే తెలుస్తుంది. బిడ్డను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టి, పేగుల బరువు ఒకవైపు వేలాడి మొదట్లో మెలిపడకుండా మెత్తని ఆనింపు పెట్టాలి. కడుపులోకి గొట్టం వేసి గాలి, పసరు తీస్తూ ఉండాలి, లేకపోతే పేగులు ఉబ్బి ఆ చిన్న రంధ్రం దగ్గర నలిగిపోతాయి. సెలైన్ మామూలు బిడ్డ కంటే ఎక్కువ కావాలి. ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఇంత పనికీ సర్జన్ అవసరం లేదు. మండల కేంద్రంలోని నర్సు చేయగలదు, ఎవరైనా ఆమెకు ఒకసారి చూపిస్తే.

ఇంకొక మాట, కాన్పులు చేసే అక్కచెల్లెళ్ల కోసం. బొడ్డుతాడు మొదట్లో లావుగా, ఉబ్బినట్టుగా కనిపిస్తే క్లిప్పును ఎప్పటిలా పొట్టకు దగ్గరగా వేయకండి. లోపల పేగు మడత ఉండవచ్చు. చిన్న ఆంఫలోసీల్‌ను బొడ్డు వాపు అనుకుని క్లిప్పు వేస్తే పేగు నలిగిపోతుంది, కత్తెర పెడితే తెగిపోతుంది. వైద్యగ్రంథాల్లో హెచ్చరించిన ప్రమాదమే ఇది. మూడు నాలుగు అంగుళాల దూరంలో క్లిప్పు వేసినందువల్ల ఏ బిడ్డకూ ఏ నష్టమూ లేదు.

సిజేరియన్ సంగతి కూడా. పేగులు బయట ఉన్నాయనగానే ఆపరేషన్ చేసి తీయాలనుకుంటారు. గ్యాస్ట్రోస్కైసిస్‌కు ఆ కారణం ఒక్కటే చాలదు, మామూలు కాన్పు అయినా బిడ్డకు ఫలితం తగ్గదని అధ్యయనాలు చెబుతున్నాయి. కాలేయంతో సహా బయట ఉన్న పెద్ద ఆంఫలోసీల్ వేరు. మా బిడ్డ విషయంలో ఏమైందో చూడండి. ఆ కుటుంబం అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుంది. దానివల్ల తల్లి అక్కడ, బిడ్డ ఇక్కడ అయ్యారు. ఆమె ముర్రుపాలు ఒక్క చుక్క కూడా మా వార్డుకు చేరలేదు. బిడ్డను ఆమె మొదటిసారి చూసింది మూడో రోజున. ఆ డబ్బుతో, ఆ నాలుగున్నర నెలల వ్యవధితో, వాళ్లు తొమ్మిదో నెలలోనే మా ఊరికి వచ్చి ఉండగలిగేవారు.

అలా వచ్చినవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది ఒక జంట ఎనిమిదో నెలలో వచ్చారు. వాళ్ల ఊరి ఏఎన్‌ఎం స్కాన్ రిపోర్టు చదివి, అర్థం కాక, తనకు తెలిసిన డాక్టరుకు ఫోటో తీసి పంపింది. ఆమె చేసింది అంతే. కానీ దానివల్ల ఆ బిడ్డ మా ప్రాంగణంలోనే, మామూలు కాన్పుతో, మేము సంచి తెరిచి పట్టుకుని ఎదురుచూస్తుండగా పుట్టింది. ఇరవై నిమిషాల్లో వార్మర్ కింద ఉంది. పేగులు లేత గులాబీ రంగులో, అక్కడక్కడ తెల్లటి పొరతో ఉన్నాయి. పొట్ట చిన్నది, అన్నీ ఒకేసారి పట్టవు. బలవంతంగా తోస్తే లోపల ఒత్తిడి పెరిగి కాళ్లు నీలబడతాయి, మూత్రం ఆగిపోతుంది, ఊపిరి ఆడదు. అందుకని సర్జన్ సైలో వేశారు.

సైలో అంటే పేగుల మీద నిలబెట్టిన పారదర్శకమైన గొట్టంలాంటి సంచి. 1967లో బోస్టన్ సర్జన్ శామ్యూల్ షుస్టర్ పెద్ద ఆంఫలోసీల్‌ను దశలవారీగా మూసే పద్ధతిని వివరించాడు, ఆ ఆలోచన నుంచి పెరిగినదే ఇది. తయారుగా దొరికే సిలికాన్ సైలోలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. మన దేశంలో చాలామంది సర్జన్లు స్టెరైల్ యూరోబ్యాగునో (మూత్రం పట్టే సంచి), సెలైన్ సంచినో కత్తిరించి కుట్టి వాడతారు. ఆ బిడ్డకూ యూరోబ్యాగే. వార్మర్ పైకమ్మీకి దారంతో వేలాడదీశాం. పేగులు తమ బరువుకు తామే కొంచెం కొంచెం లోపలికి దిగుతాయి. రోజూ పొద్దున సర్జన్ వచ్చి పైనుంచి మెల్లగా దించి, ఎంతవరకు దిగిందో అక్కడ టేపు కట్టేవారు. నేను డ్యూటీలోకి రాగానే చూసేది ఆ టేపునే. సంచి మీద అంకెలు ఉంటాయి కదా, మూత్రం కొలవడానికి వేసిన అంకెలు. మొదటి రోజు పేగులు ఎక్కడో పైన ఉన్నాయి. మూడో రోజుకు సగానికి దిగాయి. ఐదో రోజు పొట్ట మూశారు.

అప్పటికి సగం పనే అయింది. నెలల తరబడి ఉమ్మనీటిలో నానిన పేగు వెంటనే కదలదు. పాలు పట్టలేం. ఆ రోజుల్లో బిడ్డ బతికేది నరంలోకి ఎక్కించే పోషణ మీద. 1960ల చివర ఫిలడెల్ఫియాలో సర్జన్ స్టాన్లీ డడ్రిక్ బృందం ఆ పద్ధతిని రుజువు చేయకముందు, పొట్ట మూసిన తర్వాత కూడా ఇలాంటి బిడ్డల్లో చాలామంది ఆకలితోనే పోయేవారు. నరంలో వేసిన ఆ సన్నని గొట్టమే ప్రాణాధారం, ఇన్ఫెక్షన్ దారి కూడా అదే. దాన్ని ముట్టుకునే ముందు చేతులు ఎలా కడుగుతామన్నదే మా వార్డులో చావుబతుకుల విషయం. రాత్రి డ్యూటీలో ఎనిమిది మంది బిడ్డలకు ఒక నర్సు ఉన్నప్పుడు, ఒకరి దగ్గర పంపు మోగుతుంటే ఇంకొకరికి ఊపిరి ఆగుతుంటే, ఆ చేతులు ప్రతిసారీ అంతసేపు కడగడం సాధ్యమా? ఇది మావైపు లోపం. స్కాన్ చదవనివారిని నిలదీసి దీన్ని దాచడం న్యాయం కాదు. లాన్సెట్ లెక్కలోని ఆ 97 మందిలో ఎంతమంది చావుకు ఇలాంటి రాత్రులు కారణమో అని ఆలోచిస్తే నిద్రపట్టదు. నర్సుల సంఖ్య పెంచకుండా ఎన్ని పరికరాలు కొన్నా ఆ వరుస మారదని నా అనుభవం.

పదకొండో రోజున ఆ బిడ్డ కడుపులో వేసిన గొట్టంలోంచి వచ్చే పసరు ఆకుపచ్చ నుంచి పసుపుకు, ఆ తర్వాత నీళ్లలాగా మారింది. పద్నాలుగో రోజు తల్లి పిండి ఇచ్చిన పాలు 2 మిల్లీలీటర్లు వేశాం. బిడ్డ తండ్రి గాజు తలుపు అవతల నిలబడి, సిరంజిలో గీత చూపించమని సైగ చేశాడు. చూపించాను. 31వ రోజు ఇంటికి వెళ్లారు. వెళ్లేటప్పుడు ఒకటే పదేపదే చెప్పాను: "ఎన్నేళ్లు వచ్చినా సరే, ఆకుపచ్చ వాంతి అయితే, పొట్ట ఉబ్బితే, ఇంట్లో ఏ మందూ వేయకుండా తిన్నగా వచ్చేయండి." ఇలాంటి పిల్లల్లో పేగు తర్వాత ఎప్పుడైనా మెలిపడవచ్చు, అతుకులు పడి మూసుకుపోవచ్చు.

పెద్ద ఆంఫలోసీల్‌తో వచ్చిన ఇంకొక బిడ్డకు ఆపరేషనే చేయలేదు. కాలేయం బయట ఉంది, లోపల చోటు లేదు. ఆ సంచి మీద రోజూ సిల్వర్ సల్ఫాడయాజిన్ అనే పూతమందు రాసి కట్టుకట్టడమే చికిత్స. వారాలు గడిచేకొద్దీ సంచి గట్టిపడి, అంచుల నుంచి చర్మం నెమ్మదిగా పాకి కప్పేస్తుంది. మిగిలిన బుడిపెను బిడ్డ పెద్దయ్యాక సరిచేస్తారు. ఒకప్పుడు దీనికి పాదరసం కలిసిన మెర్క్యురోక్రోమ్ అనే మందు వాడేవారు. పాదరసం ఒంట్లోకి ఎక్కుతోందని తెలిసి మానేశారు. ఆ తల్లి ఐదో తరగతి చదివింది. కట్టు కట్టడం నా కంటే బాగా నేర్చుకుంది.

తల్లుల గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది. మన భాషలో పై పెదవి చీలికకు గ్రహణం మొర్రి అని పేరు. పేరులోనే నేరారోపణ ఉంది: కడుపుతో ఉన్నావిడ గ్రహణం నాడు కదిలింది, కత్తి పట్టింది. పొట్ట గోడ లోపానికి తెలుగులో పేరు లేదు. కానీ నింద మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను వార్డు బయట వాళ్ల అత్తగారు అడగడం నా చెవులారా విన్నాను: "గ్రహణం నాడు కూరగాయలు తరిగావా? నిజం చెప్పు." ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, కాసేపాగి, "గుర్తులేదు అత్తయ్యా" అంది. గుర్తులేదన్న ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది. చేయని తప్పును కూడా తన మీద వేసుకోవడానికి సిద్ధపడిన గొంతు అది.

గ్రహణానికి, దీనికి సంబంధం లేదు. సంబంధం ఉన్నట్టు ఎన్నో దేశాల లెక్కల్లో తేలినది తల్లి వయసుకు. ఇరవై ఏళ్లలోపు తల్లులకు పుట్టే బిడ్డల్లో గ్యాస్ట్రోస్కైసిస్ ఎక్కువగా కనిపిస్తుంది. కారణం ఇదీ అని తేలలేదు, చిన్న వయసు తల్లులందరికీ వస్తుందనీ కాదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 29 శాతం, తెలంగాణలో సుమారు 23 శాతం. ఇంతమంది పిల్లలను పిల్లలుగానే తల్లులను చేస్తున్న సమాజం, బిడ్డకు లోపం వస్తే ఆ పిల్లనే నిలదీస్తుంది. దయచేసి ఈ వయసు ముక్కను ఇంకొక కొరడాగా వాడకండి. పెళ్లి తేదీ నిర్ణయించింది ఆ పిల్ల కాదు.

స్కాన్ గదిలో ఇంకొక అలవాటు పాతుకుపోయింది. ఆడో మగో చెప్పకూడదన్న 1994 నాటి చట్టం బోర్డు ప్రతి గోడ మీదా ఉంటుంది. ఉండాలి కూడా. కానీ దాని నీడలో, స్కాన్‌లో కనిపించినది ఏదీ అడగకూడదన్న భావన తల్లుల్లో, చెప్పనవసరం లేదన్న భావన కొందరు సిబ్బందిలో స్థిరపడిపోయింది. ఆ చట్టం ఈ పరీక్షలను అనుమతించిందే పిండంలోని లోపాలను కనిపెట్టడం కోసం. కనిపెట్టి కవరులో పెట్టి ఇవ్వడానికి కాదు.

2013 నుంచి దేశమంతా నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితా ఒకటి ఉంది. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపాలు, కంటిపొర, చెవుడు ఇలా తొమ్మిది. పొట్ట గోడ లోపాల పేరు అందులో లేదు. తొమ్మిదింటిలో ఏదీ తక్కువది కాదు. అయినా పుట్టిన గంటల్లోనే ప్రాణం తీసే లోపం జాబితాలో లేకపోతే, దాని గురించి ఊరి ఏఎన్‌ఎంకు శిక్షణలో ఎవరు చెబుతారు? మా దగ్గర ఆమె తనంతట తాను ఫోటో తీసి పంపింది. ఇంకొక ఊళ్లో ఇంకొకరు పంపకపోవచ్చు. నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. స్కాన్ రిపోర్టు కింద తెలుగులో రెండు వాక్యాలు, తల్లీబిడ్డల కార్డు మీద "ఈ కాన్పు పిల్లల సర్జన్ ఉన్నచోటే జరగాలి" అని ఒక ముద్ర, బిడ్డను పంపేముందు మాకు ఒక ఫోను. 108 వాహనంలో ఒక స్టెరైల్ సంచి. వీటికి కొత్త భవనం అక్కర్లేదు.

ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల మొన్న ఫాల్గుణంలో మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇరవై రెండు. ఐదో నెల. వార్డు గుమ్మంలో నిలబడి, కవరులోంచి కొత్త స్కాన్ రిపోర్టు తీసి నాకు ఇచ్చింది. అక్కడ బాగుందన్నారట. "బాగుందనొద్దు మేడమ్, ప్రతి లైనూ చదివి చెప్పండి" అంది. బెంచీ మీద కూర్చోబెట్టి మొదటి నుంచి చదివాను. తల చుట్టుకొలత, వెన్ను, గుండెలో నాలుగు గదులు, మూత్రపిండాలు రెండు. ఒక్కొక్క దానికీ ఆమె తల ఊపుతూ వేలు మడుస్తోంది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఊపడం ఆపింది.

"పొట్ట గోడ పూర్తిగా మూసుకుని ఉంది. బొడ్డుతాడు మామూలుగా ఉంది" అని చదివాను.

"మళ్లీ చదవండి" అంది. మళ్లీ చదివాను.